ఓర్చుకోమన్నారు, ఓర్చుకున్నాం: ఇద్దరు ఆరోగ్య మంత్రులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు నమస్కారం.

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాయడానికి కారణం ఉంది. మా పుట్టిల్లు కృష్ణా జిల్లా, అత్తారిల్లు ఖమ్మం జిల్లా. ఆనవాయితీ ప్రకారం మొదటి కాన్పు పుట్టింటి దగ్గర జరిగింది, రెండోది తెలంగాణలో. కాబట్టి నా రెండు కాన్పుల్లో మీకు చెరొకటి వాటా ఉంది. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మధ్యమధ్యలో అంకెలు వస్తాయి, ఏమనుకోకండి.

మొన్న మా పాత విద్యార్థిని ఒకమ్మాయి శ్రీమంతానికి పిలవడానికి ఇంటికొచ్చింది. ఏడో నెల. బొట్టు పెట్టి, పిలుపు చెప్పి, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "టీచర్, గవర్నమెంటు ఆసుపత్రిలో నొప్పులకి ఏదో ఇంజెక్షన్ ఇస్తారంట కదా?" అని అడిగింది. ఇస్తారన్నాను. "హమ్మయ్య" అంది. ఆ హమ్మయ్య విన్నాక గానీ నాకు వెలగలేదు, తను అనుకుంటున్న ఇంజెక్షన్ వేరని. "అది తగ్గడానికి కాదమ్మా, రావడానికి" అన్నాను. నవ్వుదామనుకుంది గానీ రాలేదు పాపం.

మన దగ్గర 'నొప్పుల ఇంజెక్షన్' అంటే నొప్పులు తెప్పించేదే. సెలైన్ సీసాలో ఆక్సిటోసిన్ కలిపి చుక్కచుక్కగా ఎక్కిస్తారు. దాని అవసరం దానికుంది, కాదనను. కానీ నొప్పి పెంచే మందుకి పల్లెటూళ్లో ముసలమ్మ కూడా పేరు చెబుతుంది. నొప్పి తగ్గించే మందుకి తెలుగులో వాడుక పేరే లేదు. ఊళ్లోకి రాని సరుక్కి పేరెవరు పెడతారు?

2016 అక్టోబరులో నాకు నొప్పులు ఎత్తుకున్నది రాత్రి తొమ్మిదింటికి. ఆసుపత్రి పేరు రాయను. పేరు రాస్తే ఆ ఒక్క ఆసుపత్రికి నోటీసు వెళ్తుంది, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ సంజాయిషీ రాసుకుంటుంది, కథ అక్కడితో అయిపోతుంది. అక్కడ పనిచేసేవాళ్లని కూడా చూశాను. ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయా, నాలుగు బల్లల మీద నలుగురం. బయట ఐదో మనిషి. వాళ్లూ ఆ రాత్రి మంచినీళ్లు తాగింది నేను చూళ్లేదు.

బల్లల మధ్య తెరల్లేవు. పక్క బల్ల మీద ఉన్న అమ్మాయికి ఇరవై నిండాయో లేదో. గాజులు తీసెయ్యమంటే సగం తీసి సగం ఉంచుకుంది. నొప్పి వచ్చినప్పుడల్లా బల్ల పక్కనున్న ఇనప కడ్డీ పట్టుకునేది, గాజులు దానికి కొట్టుకుని చప్పుడయ్యేవి. అలవాటు కొద్దీ నేను ఆ చప్పుళ్ల మధ్య ఎడం లెక్కపెడుతూ పడుకున్నాను. ఐదు నిమిషాలు, నాలుగు, మూడు. నా నొప్పుల కన్నా ఆ పిల్ల నొప్పుల లెక్కే నాకు బాగా గుర్తుంది. ఒకసారి గట్టిగా అరిచింది. "పడుకున్నప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా?" అని ఒక గొంతు వినిపించింది. ఆ తర్వాత ఆ పిల్ల నోరెత్తలేదు. గాజుల చప్పుడు మాత్రం తెల్లారేదాకా ఉంది.

మా అమ్మ బయట బెంచీ మీద ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపలికి రానివ్వలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఒక మాట చెప్పింది: ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు జరిగేటప్పుడు తల్లి వెంట ఒక ఆడమనిషిని ఉండనివ్వాలి అని. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ కాగితం ఢిల్లీలో బయల్దేరి ఎనిమిది నెలలైనా, మా అమ్మ కూర్చున్న బెంచీకి, నా బల్లకి మధ్యనున్న తలుపు దాటలేదన్నమాట.

తెల్లవారుజామున పాప పుట్టింది. కుట్లు వేసేముందు మత్తు సూది వేశారు గానీ అది ఎక్కేదాకా ఆగలేదు. ఎన్ని కుట్లో నాకు తెలుసు, లెక్కపెట్టుకున్నాను.

ఇంతకీ నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. టీచరమ్మ అని కాస్త మర్యాదగానే చూశారు. రాత్రంతా విన్నది ఒకటే మాట, "ఓర్చుకోవాలమ్మా." ఓర్చుకున్నాను. ఆడదానికి కాన్పు పునర్జన్మ అంటారు కదా. ఆ మాటలో చావు కూడా కలిసి ఉందని ఆ రాత్రి గాని తెలియలేదు.

ఇప్పుడు నా మొదటి ప్రశ్న. పన్ను పీకాలంటే మత్తిస్తారు. వేలికి గాజుపెంకు దిగితే తీసేముందు మత్తిస్తారు. పన్నెండు గంటలు, పదహారు గంటలు పురిటి నొప్పులు పడే మనిషిని "నొప్పి తగ్గించమంటావా?" అని అడగడం ఎందుకు ఉండదు? ఒద్దంటే ఒద్దంటుంది. నొప్పులు పడే కంటానని చెప్పే ఆడవాళ్లు ఉన్నారు, వాళ్ల ఇష్టం వాళ్లది. కానీ అడగాలి కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో కాన్పు గురించి 56 సిఫార్సులు చేసింది. ఆరోగ్యంగా ఉన్న తల్లి నొప్పి తగ్గించమని అడిగితే ఎపిడ్యూరల్, అంటే వెన్నులో ఇచ్చే మత్తు, ఇవ్వచ్చని అందులో ఉంది. నడవనివ్వండి, కూర్చోనివ్వండి, తోడు మనిషిని ఉంచండి, నడుముకి మర్దన చేయండి, వేడి కాపడం పెట్టండి అని ఉంది. అందరికీ అలవాటుగా కోత పెట్టకండి, పొట్ట మీద నొక్కకండి అని కూడా ఉంది.

ఎపిడ్యూరల్ గురించి మనవాళ్లకి తెలిసిందల్లా ఒక్కటే: వెన్నులో సూది వేస్తే జన్మంతా నడుంనొప్పి. ఇది మాత్రం నాకు భలే విచిత్రంగా ఉంటుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే 2019–21 లెక్క చూడండి. తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రాలో 42.4. దేశం మొత్తం మీద 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5. ఈ ఆపరేషన్లలో చాలావాటికి మత్తు ఎక్కడ ఇస్తారు? వెన్నులోనే. అంటే మన దగ్గర కనే ఆడవాళ్లలో దాదాపు సగం మంది వెన్నులో సూది వేయించుకుంటూనే ఉన్నారు. కోత పెట్టడానికైతే ఆ సూది మంచిది, నొప్పి తగ్గించడానికైతే చెడ్డది. ఈ లెక్క నేను ఏ క్లాసులోనూ చెప్పలేను.

పద్ధతి కూడా పెద్ద రహస్యమేం కాదు. మత్తు డాక్టరు నడుం దగ్గర వెన్నెముక ఎముకల మధ్య సూది పెట్టి, దాని గుండా సన్నటి ప్లాస్టిక్ గొట్టం లోపలుంచి, సూది తీసేస్తారు. ఆ గొట్టంలోంచి పలచటి మందు కొద్దికొద్దిగా వెళ్తుంది. మెలకువగానే ఉంటాం. బిడ్డని నెట్టాల్సినప్పుడు నెడతాం. బీపీ పడిపోకుండా చూసుకుంటూ ఉండాలి, బిడ్డ గుండె కొట్టుకోవడం చూస్తూ ఉండాలి. ఎపిడ్యూరల్ ఇస్తే సిజేరియన్లు పెరుగుతాయా అని పదుల కొద్దీ పరిశోధనలు కలిపి చూశారు, పెరగవని తేలింది. జన్మంతా నడుంనొప్పి అన్నది కూడా నిలబడలేదు. రెండో కాన్పుకి, 2022లో, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను వేయించుకున్నాను. విడిగా 15,000 రూపాయలు కట్టించుకున్నారు. సూది వేసిన ఇరవై నిమిషాలకి నేను మా ఆయనతో బాబుకి ఏ పేరు పెట్టాలో వాదన పెట్టుకున్నాను. మొదటి కాన్పులో నోట మాట రాని సమయం అది. నడుంనొప్పి ఇప్పుడూ ఉంది, అది బ్లాక్‌బోర్డు దగ్గర ఆరు పీరియడ్లు నిలబడటం వల్ల, కాన్పుకి ముందు నుంచే ఉంది.

నా అదృష్టం ఏమిటంటే 15,000 కట్టగలిగాను. గాజుల పిల్ల కట్టలేదు. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చిన వాళ్లకి మందులు, పరీక్షలు, ఆపరేషన్, రక్తం, భోజనం అన్నీ ఉచితమని 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతోంది. పెద్దాపరేషన్ ఉచితం, కాన్పు నొప్పి తగ్గించడం మాత్రం డబ్బున్న వాళ్ల సరదా. ఈ తేడా ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాకపోవచ్చు, ఎవరూ ఆలోచించకపోవడం వల్ల అలా ఉండిపోయి ఉంటుంది.

సిజేరియన్లు తగ్గించండి, నార్మల్ డెలివరీలు పెంచండి అని మీ శాఖలు ఆసుపత్రుల మీద ఒత్తిడి పెడుతున్నాయి. మంచిదే. కానీ మా స్టాఫ్‌రూములో కూర్చుని అడగండి, ఆపరేషన్ ఎందుకు కోరుకున్నావని. ముహూర్తం అని కొందరంటారు, డాక్టరే చేసేశారని కొందరంటారు. ఎక్కువమంది చెప్పేది, "నొప్పులు పడలేనక్కా, భయమేసింది" అని. ఆ భయానికి మందు లేకుండా నార్మల్ చేయించుకోమనడం అంటే మీ టార్గెట్‌ని మా ఓర్పు మీద పెట్టడం. అంకె మీదవుతుంది, అరుపులు మావి.

మత్తు డాక్టర్లు సరిపడా లేరని మీ అధికారులు చెబుతారు. నిజమే అయ్యుంటుంది. ఆపరేషన్‌కి ఒకసారి సూది వేసి గంటలో అయిపోతుంది, ఎపిడ్యూరల్‌కి గంటల కొద్దీ కనిపెట్టుకుని ఉండాలి. ప్రతి పీహెచ్‌సీలో పెట్టమని నేనడగను. బోధనాసుపత్రుల్లో, పెద్ద మాతా శిశు ఆసుపత్రుల్లో మొదలుపెట్టండి. మిగతా చోట్లకి గ్యాసు అనే దారి ఉంది. నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ సగం సగం కలిపినది. మాస్కు ఆమె చేతిలోనే ఉంటుంది, నొప్పి వస్తున్నప్పుడు పీలుస్తుంది, తగ్గాక తీసేస్తుంది, నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. ఎపిడ్యూరల్ అంత పనిచేయదు గానీ 'నా చేతిలో ఒకటుంది' అన్న ధైర్యం చిన్నదేం కాదు. బ్రిటన్‌లో మంత్రసాని నర్సులే దీన్ని ఇప్పిస్తారు. మన దగ్గరా మిడ్‌వైఫరీ నర్సుల శిక్షణ 2017లో కరీంనగర్‌లో మొదలైంది, ఆ తర్వాతి ఏడాది కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది. ముందు దారి వేసింది మనమే, మధ్యలో ఆగొద్దు.

అన్నట్టు, మత్తుమందుకీ మన హైదరాబాదుకీ ఉన్న చుట్టరికం గుర్తుచేయాలి. 1853లో విక్టోరియా రాణి క్లోరోఫామ్ పీల్చి ఎనిమిదో బిడ్డని కన్నది. ఆ తర్వాత సరిగ్గా 35 ఏళ్లకి, 1888లో, ఆ క్లోరోఫామ్ ఎంత క్షేమమో తేల్చడానికి నిజాం ఖర్చుతో కమిషన్ కూర్చున్నది హైదరాబాదులో. మరుసటేడు రెండో కమిషన్‌కి లండన్ నుంచి డాక్టరు వచ్చాడు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ చదివిందీ, పనిచేసిందీ ఈ ఊళ్లోనే. ఇంత చరిత్ర పెట్టుకుని ఇప్పటికీ "ఓర్చుకో" దగ్గరే ఉన్నాం.

ఖర్చే లేని పనులు కూడా ఉన్నాయి. బల్లల మధ్య తెర. వెంట అమ్మనో అక్కనో ఉండనివ్వడం. చెయ్యి పెట్టి చూసేముందు "చూస్తున్నానమ్మా" అని ఒక మాట. లేబర్ రూములు బాగుచేయడానికి 2017 చివర్లో వచ్చిన 'లక్ష్య' పథకంలో ఇవన్నీ రాసే ఉన్నాయి. తనిఖీకి వచ్చే ముందురోజు తెరలు కడతారు, ఆ సంగతి మా స్కూల్లో డీఈవో విజిట్‌కి గోడలు కడిగే మాకు ఒకరు చెప్పాలా!

ఇక ఇంటికొచ్చాక సంగతి. ఈ ఉత్తరం అసలు దీనికోసమే.

తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి మమ్మల్ని పుట్టింటి గుమ్మం ముందు దింపింది. ఎర్రనీళ్లు దిష్టి తీసి లోపలికి తీసుకెళ్లారు. చెవుల్లో దూది, నడుముకి గుడ్డ కట్టు, వెల్లుల్లి కారం అన్నం. పదకొండో రోజు పురుడు. వచ్చినవాళ్లందరూ మూడు ప్రశ్నలు అడిగేవారు: బిడ్డ బరువెంత, పాలు పడ్డాయా, ఎవరి పోలిక. ఎవరైనా నాలుగో ప్రశ్న అడుగుతారేమోనని నేను ఎదురుచూసినట్టు ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అప్పుడు అది కూడా తెలీదు.

మొదటి వారం ఊరికే ఏడుపొచ్చేది. అది చాలామందికి వస్తుంది, మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య ఎక్కువగా ఉండి రెండు వారాల్లోపు దానంతటదే పోతుంది. నాకు పోలేదు. మూడో వారం వచ్చేసరికి ఏడుపు కూడా ఆగిపోయింది. బాలింత ఏడిస్తే కళ్లు పోతాయని మా పెద్దమ్మ అన్నందుకు ఆగింది అనుకున్నారు. పాప ఏడిస్తే ఎక్కడో పక్కింట్లో ఏడుస్తున్నట్టుండేది. అర్ధరాత్రి కళ్లు మూస్తే ఇనప కడ్డీ, గాజుల చప్పుడు. పాప నిద్రపోయినా నాకు నిద్ర లేదు. పెంకుటింటి వాసాలు లెక్కపెట్టేదాన్ని. ఇరవై మూడు. ప్రతి రాత్రీ ఇరవై మూడే వచ్చేవి, అయినా మళ్లీ మొదలుపెట్టేదాన్ని. పెరట్లో నుయ్యి ఉంది. రాత్రిళ్లు వెనక తలుపుకి గడియ పెట్టి, దానికి అడ్డంగా బియ్యం డబ్బా జరిపేదాన్ని. దొంగల భయం అనుకుంది అమ్మ. నాకు దొంగల భయం కాదు, నా భయమే.

ఆశా కార్యకర్త వచ్చేది. చాలా మంచి మనిషి, ఎండలో నడిచొచ్చేది. ఆసుపత్రిలో కాన్పయితే 42 రోజుల్లో ఆరుసార్లు రావాలి వాళ్లు: మూడో రోజు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు. జోలెలాంటి గుడ్డలో పాపని పెట్టి తూకం వేసేది. ఒళ్లు కాలుతోందేమో చూసేది. నన్ను కూడా అడిగేది, జ్వరముందా, దుర్వాసన ఉందా అని. ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: తల్లి తేడాగా మాట్లాడుతోందా, లేక ఫిట్స్ వస్తున్నాయా? "లేదు" అని టిక్కు పెట్టుకుంది. తప్పేం లేదు, నేను తేడాగా మాట్లాడలేదు. అసలు మాట్లాడలేదు. మాట్లాడని తల్లికి ఆ ఫారంలో గడి లేదు.

మా వాళ్లు ఏం చేయలేదని కాదు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. బిడ్డ ఆడపిల్లని బెంగపడుతోందేమో అని ఒకావిడ చాటుగా అంది. చదువుకున్న ఆడవాళ్లకి పొగరెక్కువ, అందుకే బిడ్డ మీద ప్రేమ లేదని ఇంకొకావిడ కాస్త గట్టిగానే అంది.

నెలన్నర టీకాకి సబ్‌సెంటర్‌కి వెళ్లాం. అక్కడ ఏఎన్ఎం పెద్దావిడ, రిటైర్మెంటు దగ్గర్లో ఉంది. పాప తొడకి సూది వేసి, దూది అద్ది, కార్డులో రాస్తూ తలెత్తకుండా నన్నొక మాట అడిగింది. "బిడ్డ నిద్రపోనివ్వక నీకు నిద్ర లేదా, బిడ్డ పడుకున్నా నీకు నిద్ర పట్టట్లేదా?"

ఆ ప్రశ్న ఆవిడకి ఎవరు నేర్పారో నాకు తెలీదు. ఏ ట్రైనింగులోనూ విని ఉండకపోవచ్చు, ముప్పై ఏళ్ల సర్వీసులో తనే కనిపెట్టి ఉంటుంది. "పడుకున్నా పట్టట్లేదండీ" అన్నాను. అంతే, ఆరు వారాల మాటలు ఒక్కసారి బయటికొచ్చాయి. నుయ్యి సంగతి కూడా చెప్పేశాను. ఆవిడ మిగతావాళ్లని కాసేపు బయట కూర్చోమని, మా అమ్మని లోపలికి పిలిచి, "ఇది గాలీ కాదు, ధూళీ కాదు, జబ్బు. రేపే తీసుకెళ్లండి, రాత్రిళ్లు ఒంటరిగా వదలొద్దు" అంది.

జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు మాత్రలు రాశారు. పాలిచ్చే తల్లులు వాడదగ్గవే అని వివరంగా చెప్పారు. ఇంటికొచ్చాక ఇంకో యుద్ధం, బాలింతకి పిచ్చి మాత్రలేంటి, పాలు విషమైపోతాయి అని. మా నాన్న ఎప్పుడూ ఆడవాళ్ల విషయాల్లోకి రాడు. ఆ రోజు వచ్చి, మంచినీళ్ల గ్లాసు నా చేతికిచ్చి, నేను మాత్ర మింగేదాకా నిలబడ్డాడు. నాలుగో వారానికి పాప ఏడుపు మా ఇంట్లోనే వినిపించడం మొదలైంది. పూర్తిగా తేరుకోవడానికి ఏడాది పట్టింది.

నేను ఒక్కదాన్నే కాదు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలు కలిపి చూస్తే బాలింతల్లో నూటికి 22 మందికి ఈ మనసు కుంగుబాటు, అంటే డిప్రెషన్, ఉన్నట్టు 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. నా క్లాసులో నలభై ఐదు మంది పిల్లలుంటే, వాళ్లలో పది మంది పిల్లల అమ్మలన్నమాట. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి ఇంకా తీవ్రమైంది వస్తుంది, మొదటి రెండు వారాల్లోనే, లేనివి కనిపించి, వినిపించి. మన పెద్దవాళ్లు సన్ని అనేవారు చూడండి, అలాంటిది. అది ఎమర్జెన్సీ, 108 పిలవాల్సినంత.

నొప్పికీ దీనికీ సంబంధమేంటని మీరడగచ్చు. ఎపిడ్యూరల్ ఇస్తే డిప్రెషన్ రాదని నేను చెప్పను, పరిశోధనలు ఆ విషయంలో ఒక్క మాట మీద లేవు. రెండో కాన్పు తర్వాత కూడా నాకు ఐదు రోజులు ఏడుపొచ్చింది, వచ్చి పోయింది. నాకు తెలిసింది ఇంత: రాత్రంతా అరిచినా ఎవరూ వినరని లేబర్ రూములో నేర్చుకున్నాను. ఆ పాఠం ఇంటికి తెచ్చుకున్నాను. అందుకే ఆరు వారాలు నోరు విప్పలేదు. గాజుల పిల్ల ఒక్క మాటతో నేర్చుకుంది, నాకు కాస్త ఎక్కువసేపు పట్టింది.

మాతృ మరణాల్లో మన రెండు రాష్ట్రాలకీ మంచి పేరుంది. 2018–20 లెక్కల్లో లక్ష మంది బిడ్డలు పుడితే దేశంలో 97 మంది తల్లులు పోయారు, తెలంగాణలో 43, ఆంధ్రాలో 45. గర్వపడాల్సిన అంకెలే. అయితే ఆ లెక్క కాన్పు తర్వాత 42 రోజులకి ఆగిపోతుంది. ఐదో నెలలో ప్రాణం తీసుకున్న తల్లి ఆ పట్టికలో కనపడదు, ఏ పోలీసు స్టేషన్లోనో 'కడుపునొప్పి తాళలేక' అని ఉంటుంది. బ్రిటన్‌లో ఏడాది దాకా లెక్క తీశారు కాబట్టి, ఆరు వారాల నుంచి ఏడాది లోపు పోయే తల్లుల విషయంలో ఆత్మహత్య ముందు వరుస కారణమని వాళ్లకి తెలిసింది. మన దగ్గర తెలియాలంటే ముందు లెక్కపెట్టాలి.

డాక్టర్లు లేరన్న మాట ఇక్కడ కూడా వస్తుంది, అందుకని ముందే చెబుతున్నాను. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గర పల్లెల్లో మన ఆశాల్లాంటి ఆరోగ్య కార్యకర్తలకి కొద్ది శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఉన్న గర్భిణుల ఇళ్లకి పంపారు. వాళ్లు మందులివ్వలేదు, కూర్చుని ఒక పద్ధతి ప్రకారం మాట్లాడారు, ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడారు. బిడ్డకి ఆరు నెలలు వచ్చేసరికి వాళ్లు వెళ్లిన ఊళ్లలో నూటికి 23 మందికి డిప్రెషన్ మిగిలింది, మామూలుగా వెళ్లొచ్చిన ఊళ్లలో 53 మందికి. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పుస్తకంగా తెచ్చింది, గోవాలోనూ చేసి చూశారు. కేరళ ఆరోగ్య శాఖ 'అమ్మ మనస్సు' పేరుతో తన పద్ధతి తను పెట్టుకుంది. బెంగళూరు నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థలో తల్లినీ బిడ్డనీ కలిపి చేర్చుకునే వార్డు 2009 నుంచి ఉంది. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రుల్లో అలాంటి నాలుగు పడకల గది పెద్ద ఖర్చు కాదు. మూడేళ్ల లోపు బిడ్డని తల్లి నుంచి మామూలుగా వేరుచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. ఆశాలకి మాత్రం ఇంకో ఫారం ఇచ్చి ఊరుకోకండి. చేసే పనికి డబ్బులు ఇవ్వండి, వాళ్లలోనూ బాలింతలుంటారు.

ఈ ఉత్తరం చదువుతున్న వాళ్లింట్లో బాలింత ఉంటే 14416కి ఫోన్ చేయండి. టెలీమానస్, మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ. ఏ వేళైనా, తెలుగులోనే మాట్లాడతారు. ఈ నంబరు 2022 నుంచి ఉంది, నేను ఏ లేబర్ వార్డు గోడ మీదా చూడలేదు. నవజాత శిశువు ఫోటోతో మీ ఫ్లెక్సీలు ఉండే చోట కొంచెం జాగా చేస్తే సరిపోతుంది.

నా దగ్గర మా పాప టీకాల కార్డు ఇంకా ఉంది. బాలింత తనిఖీ అన్న పేజీలో బీపీ ఉంది, నాడి ఉంది, జ్వరం ఉంది, రక్తస్రావం ఉంది, కుట్లు ఉన్నాయి, కుటుంబ నియంత్రణ సలహా ఇచ్చారా అన్నది కూడా ఉంది. మనసు లేదు. నెలన్నరకి, రెండున్నర నెలలకి, మూడున్నర నెలలకి బిడ్డని ఎత్తుకుని టీకాకి రాని తల్లి దాదాపు ఉండదు. మీరు వెతుక్కుంటూ వెళ్లక్కర్లేదు, వాళ్లే మీ బెంచీ మీద కూర్చుని ఉంటారు. ఈసారి కార్డు అచ్చుకి పంపేటప్పుడు ఆ మూడు టీకాల తేదీల పక్కన తల్లికి ఒక్కో గడి పెట్టించండి. అందులో పెద్ద మాటలేం వద్దు. మా సబ్‌సెంటర్ ఏఎన్ఎం అడిగిన ప్రశ్న ఉన్నదున్నట్టు వేయండి: బిడ్డ పడుకున్నాక నీకు నిద్ర పడుతోందా?

మా పాత విద్యార్థినికి డాక్టరు ఇచ్చిన డేటుకి ఇంకా పదకొండు వారాలుంది. కాన్పు గవర్నమెంటు ఆసుపత్రిలోనే. శ్రీమంతం రోజు అక్షింతలు వేస్తుంటే నా చెయ్యి పట్టుకుని, నాతో పాటు లోపలికి ఎవరినైనా రానిస్తారా టీచర్ అని అడిగింది. కనుక్కుని చెబుతానన్నాను.

కనుక్కోవడానికే మీకు రాస్తున్నాను.

ఇట్లు,
ఖమ్మం జిల్లా నుంచి ఒక లెక్కల టీచర్